హాస్టల్ ఉన్న డిగ్రీ కాలేజీలో మహమ్మారి టైంలో టెస్టులు ఎట్లా నడపాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: నల్లగొండ దగ్గర డిగ్రీ కాలేజీ, 900 మంది విద్యార్థులు, అందులో 350 మంది హాస్టల్. వంటవాళ్లు, వార్డెన్లు, వాచ్‌మన్, స్వీపర్లు కలిపి 25 మంది. మళ్లీ కరోనా లాంటిది వస్తే ఏం చేయాలో ప్లాన్ రాయమని ప్రిన్సిపాల్ గారు మీకు అప్పజెప్పారు. కాలేజీ తెరిచిన రోజు గేటు దగ్గర అందరికీ ర్యాపిడ్ టెస్టు చేసి, నెగెటివ్ వచ్చినవాళ్లనే లోపలికి పంపుదామని ఆయన ఆలోచన. అది సరిపోతుందా, ఎన్ని కిట్లు కొనాలి, మురుగు నీటి టెస్టు సంగతేమిటి అని అడిగారు.

సరిపోదు సార్. గేటు దగ్గర ఒక్కసారి చేసే టెస్టు, ఆ పూట ముక్కులో వైరస్ దండిగా ఉన్నవాళ్లనే పట్టుకుంటుంది. దేవరకొండ నుంచి వచ్చే బస్సులో అంటించుకున్న పిల్లవాడు గేటు దగ్గర కచ్చితంగా నెగెటివే. మొదట వచ్చిన కరోనా రకాల్లో, సోకిన నాటి నుంచి లక్షణాలు కనబడటానికి సగటున 5 రోజులు పట్టేది. ఒమిక్రాన్‌కు 3 రోజుల చిల్లర. యాంటిజెన్ కిట్ (ర్యాపిడ్ టెస్టు చేసేది దీంతోనే) బాగా పట్టుకునేది లక్షణాలకు ఒక రోజు ముందు నుంచి, ఆ తర్వాత ఐదారు రోజుల దాకా. అంటే ఆ పిల్లవాడు నాలుగో రోజు డార్మిటరీలో మంచం మీద పాజిటివ్ అవుతాడు. అప్పటికే నెగెటివ్ అని రాసుకున్నాం కాబట్టి అతని జలుబును వార్డెనూ పట్టించుకోడు, అతనూ పట్టించుకోడు. ఏ టెస్టూ చేయకపోతే కనీసం భయం వల్లనైనా జాగ్రత్తగా ఉండేవాళ్లు.

కిట్ల లెక్క తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాజిటివ్ వచ్చిన గంటలోపు ఆ పిల్లను ఏ గదిలో ఉంచుతారు, ఆమె గదిలోని మిగతా ఐదుగురిని ఎక్కడ ఉంచుతారు, ఈ రెండు చోట్లకూ అన్నం ఎవరు తీసుకుపోతారు, ఇంటికి ఫోన్ ఎవరు చేస్తారు? ఈ నాలుగింటికీ పేర్లు, గది నంబర్లు రాసి పెట్టుకోకుండా కిట్లు తెప్పిస్తే, ఆ కిట్లతో మీరు చేసేది లెక్కపెట్టడం వరకే. అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ 2020లో సొంతంగా ఉమ్మి టెస్టు తయారు చేసుకుని, క్యాంపస్‌లో అందరికీ వారానికి రెండుసార్లు చేయించింది. సొంత ల్యాబ్, వేగంగా రిజల్ట్, డబ్బుకు కొదవ లేదు. అయినా ఆగస్టులో తరగతులు మొదలైన కొన్ని రోజులకే కేసులు ఎగబాకాయి, ఎందుకంటే పాజిటివ్ అని తెలిశాక కూడా కొందరు పార్టీలకు పోయారు.

350 మంది హాస్టల్‌కు 10 నుంచి 12 మంచాలు విడిగా పెట్టుకోండి. ఇవి రెండు రకాలుగా ఉండాలి. నిర్ధారణ అయినవాళ్లు ఒకే హాల్లో కలిసి ఉండొచ్చు, తప్పులేదు. అనుమానం ఉన్నవాళ్లు మాత్రం ఒక్కో గదికి ఒక్కరే ఉండాలి, రిజల్ట్ వచ్చేదాకా. చాలాచోట్ల జరిగే తప్పు ఇక్కడే: జ్వరం వచ్చిన నలుగురినీ 'సిక్ రూమ్' అని ఒకే గదిలో పడుకోబెడతారు. అందులో ఒకరికి కరోనా, ఇద్దరికి టైఫాయిడ్, ఒకరికి డెంగీ. మూడు రోజులకు నలుగురికీ కరోనా. ఆ గదులకు బాత్‌రూమ్ వేరుగా ఉండాలి, కిటికీలు రెండు వైపులా తెరుచుకోవాలి. పాత బిల్డింగుల్లో ఇలాంటి గదులు సాధారణంగా గెస్ట్ రూములు, ఎన్‌సీసీ గది, మేడ మీది స్టోరు. మేడ మీది రేకుల గది వద్దు. మార్చి దాటితే అందులో జ్వరం ఉన్న మనిషి ఉండలేడు.

ఒక పల్స్ ఆక్సీమీటర్, ఒక థర్మామీటర్, ఒక నోటుబుక్కు ఆ గదుల దగ్గరే ఉండాలి. రోజుకు మూడు సార్లు రాయాలి. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆలోచించకుండా పెద్ద దవాఖానకు పంపాలి. గోళ్లకు రంగు ఉంటే తుడిపించి చూడండి, చేతులు చల్లగా ఉంటే రుద్ది చూడండి. లేకపోతే మీటరు 90 చూపించి అందరినీ హడలగొడుతుంది.

ఇక కిట్ల సంగతి. 2020 జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మన దేశంలో మొదట అనుమతించిన ర్యాపిడ్ యాంటిజెన్ కిట్‌ను రెండు చోట్ల పరీక్షించినప్పుడు, నిజంగా వైరస్ ఉన్నవాళ్లను పట్టుకునే శక్తి 50.6 నుంచి 84 శాతం వరకు తేలింది. లేనివాళ్లను లేరని చెప్పడంలో 99.3 నుంచి 100 శాతం. ఈ రెండో అంకె చూసి చాలామంది మురిసిపోతారు. లెక్క వేసి చూడండి. 1000 మందిలో నిజంగా సోకినవాళ్లు 5 మందే అనుకుందాం. కిట్ 60 శాతం పట్టుకుంటే 3 మంది దొరుకుతారు. మిగతా 995 మందిలో, 99.5 శాతం కచ్చితత్వంతో కూడా, దాదాపు 5 మందికి ఉత్తపుణ్యానికి పాజిటివ్ వస్తుంది. అంటే మీరు వేరు చేసిన 8 మందిలో 5 మందికి ఏమీ లేదు. వాళ్లను తీసుకెళ్లి నిర్ధారణ అయినవాళ్ల హాల్లో పెడితే, లేని జబ్బును మీరే అంటించినట్టు. కోవిడ్‌లో ఐసీఎంఆర్ నియమం ర్యాపిడ్ పాజిటివ్‌ను పాజిటివ్‌గానే లెక్కించమంది; చుట్టూ కేసులు జోరుగా ఉన్నప్పుడు అది సబబే. కేసులు చాలా తక్కువగా ఉన్న వారాల్లో, ఏ లక్షణమూ లేనివాళ్లకు పాజిటివ్ వస్తే, ఒంటరి గదిలో పెట్టి మెడికల్ ఆఫీసర్‌తో మాట్లాడి, ల్యాబులో చేసే పీసీఆర్ (ఆర్‌టీ-పీసీఆర్) టెస్టుతో ఖాయం చేసుకోవడం మంచిది.

లక్షణాలున్నవాళ్ల విషయంలో దీనికి సరిగ్గా తిరగేసి ఆలోచించాలి. జ్వరం, గొంతు నొప్పి ఉండి ర్యాపిడ్ నెగెటివ్ వస్తే దాన్ని నమ్మకూడదు; ఆర్‌టీ-పీసీఆర్‌కు పంపాలి. ఇది ఐసీఎంఆర్ మొదటి నుంచీ చెప్పిన మాట, ఆచరణలో అందరూ ఎగ్గొట్టిన మాట. ర్యాపిడ్ నెగెటివ్ రాగానే పిల్లను క్లాసుకు పంపేస్తారు.

అందరికీ వారానికోసారి చేద్దామా అంటే డబ్బు లెక్క చూడండి. హాస్టల్, సిబ్బంది కలిపి 375 మంది. కిట్ 250 రూపాయలు అనుకుంటే (2021లో ఇంట్లో చేసుకునే కిట్ మొదట ఆ ధరకే వచ్చింది) వారానికి 93,750. పదహారు వారాల సెమిస్టర్‌కు 15 లక్షలు. ఏ డిగ్రీ కాలేజీ భరిస్తుంది? పైగా వారానికోసారి చేయడం వల్ల కూడా పెద్ద లాభం ఉండదు. 2020 నాటి లెక్కల నమూనాలు చూపించింది ఏమిటంటే, టెస్టు కాస్త మొద్దుదైనా ఫర్వాలేదు, రెండు మూడు రోజులకోసారి చేసి అప్పటికప్పుడు రిజల్ట్ చెప్పగలిగితే వ్యాప్తి ఆగుతుంది. ఎంత చురుకైన టెస్టయినా రిజల్ట్ నాలుగు రోజులకొస్తే ఆగదు. మన జిల్లాల్లో పీసీఆర్ రిజల్ట్ రద్దీ రోజుల్లో ఎప్పుడొస్తుందో మీకు తెలిసిందే.

అందుకని ఉన్న కిట్లను మూడు చోట్ల ఖర్చు పెట్టండి. అన్నిటికంటే ముందు, లక్షణాలున్నవాళ్లకు అదే రోజు టెస్టు. దీనికి కిట్లు తక్కువే పడతాయి, ఫలితం అన్నిటికంటే ఎక్కువ. రెండోది, ఇంటికి పోయి వచ్చినవాళ్లు. మన హాస్టళ్లలో జబ్బు వచ్చేది బతుకమ్మ, దసరా, సంక్రాంతి సెలవుల తర్వాతే. పాలమూరు వైపు అయితే ముంబై, పుణె పనులకు పోయిన తల్లిదండ్రులు పండక్కి వచ్చి పోతుంటారు. తిరిగొచ్చిన రోజు ఒకటి, నాలుగో రోజు ఇంకొకటి చేయాలి. రెండిట్లో ఒక్కటే చేసే స్తోమత ఉంటే నాలుగో రోజుదే చేయండి, ఆ నాలుగు రోజులూ మాస్కు పెట్టించండి. మూడోది నిఘా: వారంలో ప్రతి గది నుంచి ఒకరికి, వంతులవారీగా, వంటవాళ్లకూ వడ్డించేవాళ్లకూ తప్పకుండా. ఆరుగురి గదులైతే 60 గదులు, అంటే వారానికి 60 కిట్లు, వంటింటికి మరో 10.

ఈ నిఘాను అతిగా నమ్మొద్దు. 350 మందిలో నలుగురికి సోకి ఉంటే, 60 మందికి 60 శాతం కిట్‌తో చేస్తే, కనీసం ఒకరు దొరికే అవకాశం మూడో వంతు మాత్రమే. వారంలో రెండు రోజులు, వేరు వేరు మనుషులకు చేస్తే సగం కంటే కొంచెం పైకి పోతుంది. కాబట్టి నిఘాలో ఎవరూ దొరక్కపోతే 'మా హాస్టల్ సేఫ్' అని నోటీసు పెట్టకండి. ఎవరైనా దొరికితే మాత్రం ఆలస్యం వద్దు. ఒక బ్లాకులో వారంలో ఇద్దరు తేలితే ఆ బ్లాకు మొత్తానికి చేయాలి, మూడు రోజులకు మళ్లీ చేయాలి, ఇంకో మూడు రోజులకు మూడోసారి. ఈ మూడు విడతల కోసం ఎప్పుడూ 300 కిట్లు ముట్టుకోకుండా పక్కన పెట్టుకోవాలి. నిఘాకే అన్నీ ఖర్చు చేసి, నిజంగా మంట అంటుకున్నప్పుడు ఖాళీ డబ్బాలు చూపించడం జరగకూడదు.

అసలు కిట్లే లేని కాలం గురించి కూడా ప్లాన్‌లో రాయండి. మన దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న కేరళలో తేలింది. మొదటి యాంటిజెన్ కిట్‌కు అనుమతి జూన్ మధ్యలో వచ్చింది. కొత్త జబ్బు వస్తే మళ్లీ కొన్ని నెలలు ఇలాగే ఉంటుంది. అప్పుడు మీకున్న పరికరాలు హాజరు పట్టీ, మెస్ లెక్క. పొద్దున టిఫిన్‌కు రానివాళ్ల పేర్లు వార్డెన్ రాసుకుని, గది దగ్గరికెళ్లి ఎందుకు రాలేదో అడగాలి. ఒకే గదిలో మూడు రోజుల్లో ఇద్దరికి జ్వరమో దగ్గో వస్తే ఆ గదిని విడిగా పెట్టాలి. గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మల్ గన్ కంటే ఇది చాలా నయం. ఎండలో నడిచొచ్చిన పిల్లవాడి నుదురు ఎట్లాగూ కాలుతుంటుంది, పరీక్ష రోజైతే అసలు జ్వరమున్నవాడు పారాసిటమాల్ వేసుకుని చల్లగా వస్తాడు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు మన దగ్గర జ్వరం అంటే డెంగీ, టైఫాయిడ్, అక్కడక్కడా మలేరియా. మహమ్మారి నడుస్తున్నంత మాత్రాన దోమలు సెలవు తీసుకోవు. కరోనా నెగెటివ్ రాగానే ఇంటికి పంపేయడం, పాజిటివ్ రాగానే ఇంకేదీ చూడకపోవడం రెండూ ప్రమాదమే. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు అయితే డెంగీ ఎన్ఎస్1 టెస్టు కూడా చేయించండి. డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు హాస్టల్ మెడిసిన్ డబ్బాలో నుంచి ఎవరికీ ఇవ్వొద్దు. అవి వేసుకుంటే ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకు రక్తస్రావం కావచ్చు.

టెస్టు టేబుల్ దగ్గరికి వద్దాం, ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. కాలేజీ తనంతట తాను టెస్టులు మొదలుపెట్టకూడదు. జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి లేఖ రాసి, మీ మండలం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్ పర్యవేక్షణలో, వాళ్ల ల్యాబ్ టెక్నీషియన్‌తోనో వాళ్లు శిక్షణ ఇచ్చినవాళ్లతోనో నడపాలి. పాజిటివ్, నెగెటివ్ అన్నీ సర్కారు పోర్టల్‌లో ఎక్కాలి. ఒక టేబుల్‌కు నలుగురు కావాలి: పేర్లు రాసేవాళ్లు, స్వాబ్ తీసేవాళ్లు, కిట్ చూసేవాళ్లు, వరుస నడిపేవాళ్లు. తొందరపడకుండా చేస్తే ఒక టేబుల్ గంటకు 20 మందిని దాటదు. పీపీఈ సూటులో మన ఎండల్లో మనిషి రెండు గంటలకు మించి నిలబడలేడు, కాబట్టి పొద్దున 7 నుంచి 9 వరకు పెట్టుకోండి, ఆరుబయట చెట్టు నీడలోనో వరండాలోనో. ఏసీ సెమినార్ హాల్లో తలుపులు మూసి మాస్కులు తీయించి స్వాబులు తీయడం కంటే పెద్ద పొరపాటు లేదు.

కిట్లు నిల్వ చేయాల్సింది 2 నుంచి 30 డిగ్రీల మధ్య. నల్లగొండలో మే నెలలో బయట 45 దాకా పోతుంది. శ్లాబు కింద మూసిన స్టోరు రూములో డబ్బాలు ఎంత వేడెక్కుతాయో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. వేడికి పాడైన కిట్ ఎక్కువగా చేసే పని ఏమిటంటే, కంట్రోల్ గీత (కిట్ పని చేస్తోందని చెప్పే గీత) మామూలుగానే చూపించి, పాజిటివ్ గీతను మాత్రం చూపించకపోవడం. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఫిజిక్స్ ల్యాబులో ఏసీ గదో, మైక్రోబయాలజీ వాళ్ల ఫ్రిజ్జో అడిగి తీసుకోండి, లోపల ఒక థర్మామీటర్ పెట్టి రోజూ రెండు పూటలా రాయండి. ఫ్రిజ్జులో పెట్టిన కిట్‌ను టెస్టుకు అరగంట ముందే బయట పెట్టాలి. చల్లటి కిట్‌ను అప్పటికప్పుడు విప్పితే తేమ పట్టి తప్పుడు గీతలు వస్తాయి. పౌచ్ చింపాక వెంటనే వాడాలి. పని తొందరగా అవుతుందని ముందే 30 పౌచ్‌లు చింపి వరుసగా పేర్చుతారు. అవి గంటసేపు గాలికి ఉంటే ఆ టెస్టులన్నీ వృథా.

స్వాబ్ తీసిన వెంటనే ద్రావణం ఉన్న ట్యూబులో ముంచి, ట్యూబును వేళ్లతో నొక్కుతూ ఐదుసార్లకు తక్కువ కాకుండా తిప్పాలి, నొక్కి పిండుతూ బయటికి తీయాలి. ఈ పిండటం సరిగా చేయకపోతే వైరస్ దూదిలోనే ఉండిపోతుంది. కిట్ మీద ఎన్ని చుక్కలు వేయమంటే అన్నే వేయాలి. ఎక్కువ వేస్తే గీత మొత్తం అలుక్కుపోతుంది, తక్కువ వేస్తే పైదాకా పాకదు. గాలి బుడగతో పడిన చుక్క చుక్క కాదు. చాలా కిట్లలో 15 నిమిషాలకు చూడాలి, 30 నిమిషాలు దాటితే చూడకూడదు. ఐదు నిమిషాలకే ఒక్క గీత చూసి నెగెటివ్ అని రాసేయడం, టీ తాగొచ్చి గంటకు చూసి మసక గీతను పాజిటివ్ అని రాయడం, రెండూ రోజూ జరుగుతాయి. క్యాసెట్ (గీతలు కనబడే ప్లాస్టిక్ పట్టీ) మీద మార్కర్‌తో చుక్కలు వేసిన టైం రాయండి, అంతకంటే మంచి ఉపాయం లేదు. 15 నిమిషాలకు పల్చగా ఉన్నా సరే రంగు గీత కనబడితే అది పాజిటివే.

క్యాసెట్ మీద పేరు రాయకండి, హాల్ టికెట్ నంబరు చివరి నాలుగు అంకెలు, గది నంబరు రాయండి. ఒక్కో సెక్షన్లో మౌనికలు ముగ్గురు, సాయిలు నలుగురు ఉంటారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. పేరు తారుమారై ఒక మౌనిక బదులు ఇంకో మౌనికను ఐసోలేషన్‌కు పంపిన తర్వాత ఆ హాస్టల్‌లో ఎవరూ టెస్టుకు ముందుకు రారు. ఫోన్ నంబరు కూడా అంతే. పిల్లలు ఇంట్లో నాన్న నంబరు ఇస్తారు, రిజల్ట్ మెసేజ్ ఆ నంబరుకే పోతుంది, ఆయన పొలంలో ఉండి సాయంత్రం చూస్తాడు. వార్డెన్ దగ్గర అందుబాటులో ఉండే నంబరు ఒకటి రెండోదిగా రాయించండి.

పీసీఆర్‌కు పంపాలంటే మీ జిల్లా సర్కారు మెడికల్ కాలేజీ మైక్రోబయాలజీ విభాగాన్ని ముందే కలవండి. ఏ రోజుల్లో ఎన్ని శాంపిళ్లు తీసుకుంటారు, ఎన్ని గంటల లోపు రావాలి అడిగి రాసుకోండి. శాంపిల్ వీటీఎం (వైరస్ పాడవకుండా ఉంచే ద్రవం) ట్యూబులో పెట్టి, మూత గట్టిగా బిగించి, మూడు పొరల ప్యాకింగులో, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో పంపాలి. మూత వంకరగా బిగించడం వల్ల దారిలో కారిపోయిన ట్యూబుల్ని ల్యాబ్ తిప్పి పంపుతుంది, అందులో తప్పేం లేదు. వీటీఎం కొరత వస్తే హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ రూపొందించిన పొడి స్వాబ్ పద్ధతి ఉంది. 2020 నవంబర్‌లో ఐసీఎంఆర్ ఒప్పుకుంది. ద్రవం లేకుండా ఉత్త ట్యూబులో స్వాబ్ పంపితే చాలు, కారడం అనే బాధే ఉండదు. అయితే మీ ల్యాబ్ ఆ పద్ధతి చేస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. టీబీ కోసం చాలా సర్కారు దవాఖానల్లో పెట్టిన ట్రూనాట్ మెషీన్ కూడా గుర్తుంచుకోండి. అది బ్యాటరీతో నడుస్తుంది, సుమారు గంటలో చెబుతుంది, కోవిడ్‌కు వాడారు. ఒకేసారి చేసే శాంపిళ్లు కొన్నే, కాబట్టి సందేహం తీర్చుకోవడానికే తప్ప గుంపుకు పనికిరాదు.

పూలింగ్ గురించి వినే ఉంటారు: ఐదుగురి శాంపిళ్లు ల్యాబులో కలిపి ఒకే పీసీఆర్ చేయడం. నెగెటివ్ వస్తే ఐదుగురూ నెగెటివ్, పాజిటివ్ వస్తే ఐదుగురికీ విడిగా. నూటికి ఒకరికి జబ్బు ఉన్నప్పుడు ఇలా చేస్తే 100 మందికి సుమారు 25 టెస్టులు సరిపోతాయి. నూటికి ఐదుగురికి ఉంటే 43 అవుతాయి, పది మందికి ఉంటే 61. అంటే జబ్బు పెరిగే కొద్దీ పొదుపు కరిగిపోతుంది, రిజల్ట్ కూడా రెండు విడతలై ఆలస్యమవుతుంది. అందుకే ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్‌లో పాజిటివ్ రేటు 2 శాతం లోపు ఉన్న చోట్లనే ఐదేసి కలపమంది, 5 శాతం దాటితే వద్దంది. మీకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. పూల్‌ను అక్షర క్రమంలో కాకుండా గదివారీగా కట్టించండి. ఒకరికి ఉంటే అదే గదిలో ఇంకొకరికీ ఉండే వీలు ఎక్కువ కాబట్టి పాజిటివ్‌లన్నీ కొన్ని పూల్స్‌లోనే పడతాయి, మిగతావి శుభ్రంగా నెగెటివ్ వస్తాయి. పూల్ పాజిటివ్ అనగానే ఎవరిదో తేలకముందే ఆ గది మొత్తాన్ని విడిగా పెట్టేయొచ్చు, ఒక రోజు కలిసొస్తుంది.

మురుగు నీటి టెస్టు సంగతి కూడా అడిగారు. అరిజోనా యూనివర్సిటీ 2020 ఆగస్టులో ఒక హాస్టల్ మురుగులో వైరస్ కనబడగానే 311 మందికి టెస్టు చేసి, లక్షణాలు లేని ఇద్దరిని పట్టుకుంది. సీసీఎంబీ కూడా హైదరాబాద్ మురుగు మీద అదే ఏడాది పని చేసింది. మీ హాస్టల్‌కు ఇది కుదరాలంటే ఒక సంగతి చూసుకోవాలి: మనవి ఎక్కువగా సెప్టిక్ ట్యాంకులు. ట్యాంకులోంచి శాంపిల్ తీస్తే ఎన్నో వారాల మడ్డి వస్తుంది, పోయిన నెల కోలుకున్న పిల్లవాడి జాడ ఈ రోజు జబ్బులా కనబడుతుంది. ట్యాంకుకు ముందున్న చాంబర్ దగ్గర తీయాలి. గాజుగుడ్డ ఉండను తాడుతో కట్టి చాంబర్‌లో ఒక రోజంతా వేలాడదీసి, పిండి, ఐసులో పెట్టి పంపే చవక పద్ధతి ఉంది. ఒక్కసారే తీయాలంటే పొద్దున 6 నుంచి 8 మధ్య తీయాలి. ఆ పూట బాత్‌రూముల్లో యాసిడ్, బ్లీచింగ్ పోయొద్దని స్వీపర్లకు ముందు రోజే చెప్పాలి. అవి పడితే వైరస్ జాడ చెరిగిపోతుంది. ఒక విడత జబ్బు హాస్టల్‌ను చుట్టేశాక మాత్రం మురుగు వల్ల కొన్ని వారాలు ఉపయోగం లేదు, కోలుకున్నవాళ్లు కూడా వదులుతూనే ఉంటారు. చేసే ల్యాబ్ దొరికితేనే దీని జోలికి పోండి, లేకపోతే వదిలేయండి.

చెత్త విషయం రెండు మాటల్లో: స్వాబులు, దూది, వాడిన మాస్కులు పసుపు సంచిలో, ప్లాస్టిక్ ట్యూబులు, గ్లౌజులు ఎర్ర సంచిలో, రెండేసి పొరలతో, పీహెచ్‌సీ ద్వారా బయోమెడికల్ చెత్త తీసుకుపోయే బండికి. హాస్టల్ వెనక తగలబెట్టొద్దు. టేబుల్ తుడవడానికి ఒక శాతం హైపోక్లోరైట్ కావాలంటే 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 33 గ్రాములు, ఏ రోజుది ఆ రోజే కలపాలి. మూట విప్పి నెల దాటిన పౌడర్‌లో ఘాటు ఉండదు, కొలత పాటించినా పని చేయదు.

మెస్ మీద దృష్టి పెట్టండి, టెస్టుల కంటే ఎక్కువ. 2020 డిసెంబర్‌లో ఐఐటీ మద్రాసులో కొన్ని రోజుల్లోనే వంద మందికి పైగా విద్యార్థులు పాజిటివ్ అయ్యారు. అప్పుడు అక్కడ తెరిచి ఉన్నది ఒకే మెస్. తర్వాత గదులకే అన్నం పంపారు. 2021 నవంబర్‌లో ధార్వాడ్‌లో ఒక మెడికల్ కాలేజీలో ఫ్రెషర్స్ వేడుక తర్వాత 280కి పైగా కేసులు తేలాయి, ఎక్కువమంది రెండు డోసులూ వేసుకున్నవాళ్లే. మాస్కు తీసి పక్కపక్కన కూర్చునేది తినేటప్పుడే. 350 మందికి నాలుగు బ్యాచులు పెట్టండి, ప్రతి బ్యాచులో ఎప్పుడూ అవే గదులు ఉండాలి. అప్పుడు ఒకరు తేలితే మిగతా మూడు బ్యాచుల జోలికి పోనక్కర్లేదు, కిట్లూ మిగులుతాయి.

ఇక పాజిటివ్ వచ్చిన పిల్లలను ఇంటికి పంపడం. తల్లిదండ్రులు ఫోన్ చేసి పంపేయమంటారు, వార్డెన్‌కూ భారం దిగుతుంది. కానీ ఆ పిల్ల ఆర్టీసీ బస్సులో రెండు గంటలు కూర్చుని, రెండు గదుల ఇంట్లో నాయనమ్మ పక్కన పడుకుంటుంది. కాలేజీలో 20 ఏళ్ల వాళ్లకు జలుబులా పోయేది ఊళ్లో 70 ఏళ్ల మనిషిని తీసుకుపోతుంది. లక్షణాలు తక్కువగా ఉన్నవాళ్లను కాలేజీలోనే ఉంచడం, తప్పనిసరి అయితే కాలేజీ బండిలో పంపి ఊరి ఏఎన్ఎంకు ముందే ఫోన్ చేయడం ప్లాన్‌లో రాయండి. 2021 మార్చి 24 నుంచి రాష్ట్రంలో విద్యాసంస్థలు మళ్లీ మూసినప్పుడు పిల్లలంతా ఒక్కసారే ఊళ్లకు పోయారు. మూసివేత ఆర్డరు వచ్చిన రోజు ఏం చేయాలో కూడా ఒక పేజీ ఉండాలి. వీలైతే బయల్దేరే ముందు టెస్టు, రెండు విడతలుగా పంపడం.

పేర్లు ఎక్కడా బయటికి రాకూడదు. నోటీసు బోర్డు మీద, వాట్సాప్ గ్రూపులో పాజిటివ్ లిస్టు పెట్టిన కాలేజీలో రెండో వారం నుంచి లక్షణాలు దాచిపెట్టడం మొదలవుతుంది. గది నంబరు కూడా చెప్పనక్కర్లేదు. ఐసోలేషన్‌లో ఉన్నవాళ్లకు హాజరు కోత ఉండదని, ఇంటర్నల్ పరీక్ష మళ్లీ పెడతారని ప్రిన్సిపాల్ సంతకంతో ముందే సర్క్యులర్ తీయించండి. ఈ ఒక్క కాగితం వల్ల దొరికే కేసులు, వంద కిట్ల వల్ల దొరికేవాటికి తక్కువేం కాదు.

డే స్కాలర్లు 550 మందికి రొటీన్‌గా టెస్టులు వద్దు. వాళ్లు రోజూ సాయంత్రం ఊరికి పోతారు, వారానికోసారి చేసేది వాళ్ల విషయంలో దేనికీ అక్కరకు రాదు. జ్వరం ఉంటే రావొద్దనే నియమం, వచ్చినవాళ్లకు అదే రోజు టెస్టు, హాస్టల్‌వాళ్లతో మెస్‌లో కలవకుండా చూడటం, ఇంతవరకే.

కోలుకున్నవాళ్లను మళ్లీ నెగెటివ్ సర్టిఫికెట్ తెమ్మని అడగొద్దు. పీసీఆర్ వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది, అప్పటికి అంటించే శక్తి ఉండదు. 2021 మేలో ఐసీఎంఆర్ కూడా ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్లకు ఆర్‌టీ-పీసీఆర్ మళ్లీ చేయొద్దనే చెప్పింది. అప్పటి నియమం ఎన్ని రోజులంటే అన్ని రోజులు లెక్కపెట్టి, జ్వరం పోయిందని చూసుకుని క్లాసుకు పంపండి.

మొదటి కొనుగోలు లెక్క: కదపకుండా ఉంచేవి 300, నిఘాకు వారానికి 70 చొప్పున ఆరు వారాలకు 420, లక్షణాలున్నవాళ్లకు 100, ఒక సెలవు తర్వాత తిరిగొచ్చే 350 మందికి నాలుగో రోజు టెస్టుకు 350. మొత్తం 1170, పాడయ్యేవి కలిపి 1250. అన్నీ ఒకే బ్యాచ్ నంబరు కొనకండి, గడువు తేదీలు వేరు వేరుగా చూసి తీసుకోండి. రెండు మూడు వారాలు లక్షణాలున్నవాళ్లలో కూడా ఒక్కరూ తేలక, జిల్లాలో కేసులు పడిపోతే నిఘా ఆపేయండి, లక్షణాల టెస్టు మాత్రం నడవనివ్వండి. మిగిలిన కిట్లను గడువుకు రెండు నెలల ముందే మీ పీహెచ్‌సీకి రాసిచ్చి రశీదు తీసుకోండి. స్టాకు రిజిస్టర్‌లో ఆ రశీదు లేకపోతే ఆడిట్‌లో మీరే జవాబు చెప్పుకోవాలి.